సొరపాదు కింద కుడితి కుండ

మొన్న ఫోన్లో మీలో పెద్దది చెప్పింది. వాళ్ళ అపార్టుమెంటుకు నీళ్ళ ట్యాంకరు రెండు రోజులకొకసారి వస్తోందట. అందుకని బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక్క చుక్క కూడా పారబొయ్యకుండా బకెట్లో పట్టి బాల్కనీలో మొక్కలకు పోస్తోందట. "అవ్వా, ఇదంతా నీ ఉద్యోగమే కదా, నాకెన్ని మార్కులు?" అని అడిగింది. నూటికి నూరు వేశాను. వేసి ఫోను పెట్టేశాక ఈ కాగితాలు ముందేసుకున్నాను. ఆ పనికే ఒకప్పుడు నాకు నేను నూటికి నూరు వేసుకున్నాను మరి.

ఫోన్లో చెబితే మీరు మధ్యమధ్యలో "ఊఁ, ఊఁ" అంటూ వేరే పని చేసుకుంటారు. అందుకని రాస్తున్నాను. తీరిగ్గా చదవండి, అవ్వకు తొందరేమీ లేదు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా పల్లెలు తిరిగే ఉద్యోగం చేశానని మీకు తెలుసు. మొదట్లో దాన్ని గ్రామసేవిక అనేవాళ్ళు. పొగ రాని పొయ్యి కట్టించడం, బాలింతలకు ఏం పెట్టాలో చెప్పడం, ఇంటి వెనక కైతోట వేయించడం, వాడిన నీళ్ళను ఆ తోటకు మళ్ళించడం. ఇవీ నా పనులు. వీటిలో బాగా చేసినవి చాలా ఉన్నాయి. మీకు చెప్పబోయేది మాత్రం బాగా చేశాననుకుని చేసింది.

అరవైల మొదట్లో మాట. మనది ఇంకా మైసూరు రాష్ట్రం. నాకు ఇరవై ఏళ్ళు. చింతామణిలో పుట్టి పెరిగినదాన్ని, బడిపంతులు కూతుర్ని. మా ఇంట్లో ఆవు లేదు, గేదె లేదు. పాలంటే పొద్దున్నే గిన్నెలోకి వచ్చే వస్తువు, అంతే. శిక్షణ అయ్యాక చిక్కబళ్ళాపురంలో ఆర్డరు కాగితం చేతికిచ్చారు. బాగేపల్లిలో బస్సు దిగి, మిట్టేమరి దాటి లోపలికి వెళితే ఒక చిన్న ఊరు. పేరు రాయను. ఆ ఊరి ఆడవాళ్ళు ఇప్పటికీ నన్ను తలుచుకుని నవ్వుకుంటూ ఉంటే, వాళ్ళ నవ్వు వాళ్ళకే ఉండనీ.

వాన మీద బతికే ఊరు. రాగులు, శెనక్కాయ, ఉలవలు. తాగే నీళ్ళ బావి ఒక్కటే. శివరాత్రి దాటిందంటే చేదతాడుకు ఇంకో బార తాడు ముడెయ్యాలి. అలాంటి ఊళ్ళో వాడిన నీళ్ళతో కూరగాయలు పండించవచ్చని చెప్పడానికి నేను వచ్చాను. నా చేతిలో గొడుగు, సంచిలో గింజల పొట్లాలు, కన్నడంలో అచ్చువేసిన పుస్తకం ఒకటి. ఆ పుస్తకంలో లేనిది ప్రపంచంలో లేదని నా నమ్మకం.

నాకు గది ఇచ్చినావిడ రైతు కుటుంబం మనిషి. నలభై దాటిన వయసు. నేను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్ళకు ఎద్దుల జత ఉండేది కానీ ఊరి బయట పొలం దగ్గర కొట్టంలో కట్టేసేవారు. ఇంట్లో పాడి లేదు. అయినా పొద్దున నేను లేచేసరికి పెరటి గడప మీద ఇత్తడి చెంబుతో మజ్జిగ ఉండేది. అక్క నాకొక గ్లాసుడు వంచి ఇచ్చేది. ఎక్కణ్ణుంచి వచ్చిందని నేను అడగలేదు. ఇరవై ఏళ్ళ వయసులో చేతికిచ్చిన గ్లాసు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరడుగుతారు?

ఆ ఇంటి వెనక ఒక సందు. సందులో ఆరిళ్ళ పెరటి వాకిళ్ళు. ఆరు వాకిళ్ళ పక్కనా ఆరు కుండలు, నల్లగా, మూతి వెడల్పుగా. సంగటి కుండ నానబెట్టి గోకిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, వంకాయ ముచ్చికలు, గిన్నెలు తొలిచిన నీళ్ళు, అన్నీ అందులోకే. పులిసిన వాసన, ఈగలు. దాన్ని కుడితి అంటారు, గొడ్లు తాగుతాయి. ఆ మాట నాకూ తెలుసు. కానీ ఈ ఆరిళ్ళలో గొడ్లు లేవు. గొడ్లు లేని ఇంటి వెనక కుడితి ఎందుకుందని నేను అడగాలి కదా? అడగలేదు. గొడ్లు లేవు కాబట్టి అది ఉత్త మురుగు అనుకున్నాను. పుస్తకంలో కూడా "ఇంటి వెనక నిలిచిన మురుగు ఈగలకు పుట్టిల్లు" అని స్పష్టంగా ఉంది.

పక్క ఊళ్ళలో వ్యవసాయం పని చూసే గ్రామసేవకుడు ఒకాయన ఉండేవాడు. పాతపాళ్యం వైపు నుంచి సైకిలు మీద వచ్చేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఎరువుల గురించి తాను చెప్పేది రైతులెవరూ వినడం లేదని సైకిలుకు చెప్పుకుంటూ తిరిగే మనిషి. ఆయనే నాకు కుండ ఉపాయం చెప్పాడు.

"పాత కుండ తీసుకోమ్మా. అడుగున చిన్న బొక్క పెట్టి, పాతగుడ్డ వత్తి జేసి దోపు. పాదు పక్కనే మెడదాకా పూడ్చు. పొద్దున ఒగసారి నింపితే రెండు దినాలు బొట్టుబొట్టుగా దిగతాది. ఎండ తాగదు, వేరు తాగతాది."

మంచి ఉపాయం. ఈ రోజుకీ మంచి ఉపాయమే. మీ బాల్కనీలోనూ చేసుకోవచ్చు.

పాత కుండలకు నాకు కొదవేముంది? వెనక సందులో ఆరున్నాయి. మురుగు కుండలూ పోతాయి, ఈగలూ పోతాయి, నీళ్ళూ తోటకు చేరతాయి. ఒక్క దెబ్బకు పుస్తకంలో మూడు అధ్యాయాలు పూర్తవుతాయి!

ఆరిళ్ళ ఆడవాళ్ళనూ అక్క వాళ్ళ పెరట్లో కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో గుడి పూజ చేసే ఇంటి పెద్దమ్మ మాత్రం ఊరుకోలేదు.

"ఎంగిలి గిన్నెలు కడిగిన నీళ్ళతో కాసిన సొరకాయ నేను మడిగట్టుకోని ఎట్ల వండేదమ్మా?"

"పొలానికి పేడ వేస్తారు గదా పెద్దమ్మా. ఆ పంట దేవునికి పెట్టడం లేదా?"

"పేడ పేడే, ఎంగిలి ఎంగిలే. ఇంత చదివినదానివి, రెండూ ఒగటేనా నీకు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. పెద్దమ్మ నవ్వలేదు. "ఎంగిలి నీళ్ళకు పొయ్యే జాగా వేరే ఉండాది" అంది. అక్క వెంటనే, "గమ్మునుండు పెద్దమ్మా, సర్కారు పని" అని ఆ మాటను అక్కడికక్కడే తుంచేసింది. నాకు చాలా సంతోషమైంది, ఒక మూఢనమ్మకం ఓడిపోయిందని.

వారంలో ఆరు కుండలకూ బొక్కలు పడ్డాయి. ఆరు సొరపాదులు, వాటి పక్కన వంకాయ, బెండ, గోంగూర. నా చేతులతోనే పూడ్చాను. అరచేతులు బొబ్బలెక్కితే గర్వంగా అందరికీ చూపించుకున్నాను.

మామూలుగా నేను పొద్దున్నే గొడుగేసుకుని వేరే పల్లెలకు వెళ్ళి దీపాల వేళకు తిరిగి వచ్చేదాన్ని. ఆదివారాలు చింతామణి బస్సెక్కేదాన్ని. కాబట్టి ఆ సందులో మధ్యాహ్నాలు ఏం జరుగుతుందో నేను ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి జ్వరంగా ఉండి గదిలో పడుకున్నాను. మిట్టమధ్యాహ్నం పెరట్లో చప్పుడైతే బయటికి వచ్చాను. ఒక నల్ల గేదె, అక్కడివాళ్ళ మాటలో ఎనుము, మా సొరపాదు దగ్గర నిలబడి, నేలలో పూడ్చిన కుండ మూతి వాసన చూస్తోంది. ముక్కుతో ఒకసారి నెడుతోంది, మళ్ళీ వాసన చూస్తోంది. నేను గొడుగు ఎత్తి "హేయ్, హేయ్" అని అదిలించాను. దాని వెనక పలుపుతాడు పట్టుకుని ఒక సన్నటి మనిషి.

"నీ ఎనుమును పట్టుకోమ్మా, పాదంతా పాడు చేస్తాది" అన్నాను.

"సరేమ్మా" అంది ఆమె. తాడు లాగింది. ఎనుము కదల్లేదు. రెండోసారి గట్టిగా లాగి తీసుకుపోయింది.

ఆ వారం రిపోర్టులో "పశువుల బెడద ఉంది, కంచె అవసరం" అని రాశాను. ఆరు పాదులకూ ముళ్ళకంచె వేయించాను. నేనంత చురుకైన ఉద్యోగిని.

రెండు నెలల్లో ఆ సందు చూడముచ్చటగా తయారైంది. చుట్టూ చేలన్నీ ఎర్రగా ఎండిపోయి ఉంటే ఆరిళ్ళ వెనక మాత్రం పచ్చగా తీగలు పందిళ్ళెక్కాయి. సొరకాయలు చంటిపిల్లల్లా వేలాడుతున్నాయి. బాగేపల్లి కచేరిలో ఈ మాట పాకింది. పెద్ద సాహెబు జీపులో వచ్చి చూస్తారని కబురొచ్చింది. ఆయనకు తోట నచ్చితే తాలూకాలో మొదటి బహుమానం ఆ ఊరికే. నా ఉద్యోగం కూడా అప్పటికి తాత్కాలికమే, ఖాయం కావాలంటే ఆయన నాలుగు మంచి మాటలు రాయాలి.

ఈలోగా పొద్దుటి మజ్జిగ రావడం మానేసింది. ఎండాకాలం కదా, అందరికీ పాలు తగ్గుతాయి అనుకున్నాను.

జీపు వచ్చేరోజు బాగేపల్లి సంత కూడా. తెల్లవారగానే నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వంటింటి దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, సాయేబులు నలుగురొస్తారంట. ఎండన పడి వస్తారు. ఒక ముంత మజ్జిగ సంపాదించాల."

అక్క సంగటి గెలకడం ఆపింది.

"యాడ సంపాదించేదమ్మా?"

"రోజూ వస్తాండె గదా."

"రోజూ పోస్తాంటిమి, రోజూ వస్తాండె. మేం పోసేది నిలిపితిమి, అది వచ్చేది నిలిచిపాయ."

"ఏం పోస్తాంటిరి?"

"కుడితి."

నిలబడినదాన్ని అలాగే గడప మీద కూర్చున్నాను. అక్క సంగటి కర్ర చేతిలో పట్టుకునే చెప్పింది.

సందు చివర గుడిసెలో ఒకామె ఉండేది. మొగుడు పోయాడు, పొలం లేదు, ఒక్క ఎనుము ఉంది. ఆ ఎనుము వెన్న మిట్టేమరిలో అమ్మితేనే ఆమె ఇంట్లో రాగులు. ఎండాకాలం మేత ఎక్కడిది? గట్ల వెంబడి ఇంత గడ్డీ కసువూ, మధ్యాహ్నం ఆరు వాకిళ్ళ ముందు ఆరు కుండల కుడితి. దానితోనే ఎనుము పాలిచ్చేది. ఆరిళ్ళవాళ్ళూ కుండ వాకిట్లో పెట్టి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. ఆమె ఎనుమును తోలుకొచ్చి తాపించి పోయేది. పొద్దున్నే ఆరు గడపల మీద ఆరు చెంబుల మజ్జిగ. మజ్జిగ అమ్మకూడదు, కుడితి అడక్కూడదు, అదీ అక్కడి వాడుక. ఇంతకాలంలో దాని గురించి ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. అడగడమంటూ మొదలైతే అది బిచ్చమవుతుంది, ఇచ్చామని చెప్పుకుంటే అది దానమవుతుంది. రెండూ కాకుండా ఉండడానికే ఎవరూ నోరెత్తరు.

"నువ్వు కుండలు పూడ్చినాక కూడా వారం దినాలు వచ్చె ఆ ఎనుము. ఒగొగ వాకిట్లో నిలబడి వాసన జూసి పోతాండె. చూడలేక మేం తలుపులేసుకుంటిమి. ఇంగ ఆ మనిషే ఈ సందులో రావడం మానేసె."

"ఇప్పుడెట్లుండాది?"

"ఎట్లుంటాది? పాలు ఇంకిపాయ. ఈ పొద్దు సంతకు తోలుకపోతాది, అమ్మేదానికి."

నేను గడప మీదినుంచి లేచాను. అడిగాను, "ముందే నాకేంటికి చెప్పలేదక్కా?"

"నువ్వడిగితివా?" అంది అక్క. అని నా ముఖం చూసి కర్ర కింద పెట్టింది. "తప్పు నీ మీద తోసేది సులబమేలే. మేమూ చెప్పల్యా. ఏంటికంటే సొరకాయలు బాగుండె. లోపల తిట్టుకుంటానే తింటిమి."

ఆ మాట అనడానికి పెద్ద మనసుండాలి, పిల్లలూ. తప్పులో తన వాటా తానే తీసుకుంది.

చెప్పుల్లేకుండానే సందు చివరికి పరిగెత్తాను. ఆ ఎనుమామె వాకిట్లో ఎనుము కొమ్ములకు నూనె రాస్తోంది. బేరానికి నిగనిగలాడాలి కదా. కొమ్ములు నిగనిగలాడుతున్నాయి, కింద పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. నేను గొడుగుతో అదిలించిన ఎనుము అదే, కానీ సగమైపోయింది.

"అమ్మా, దీన్ని అమ్మొద్దమ్మా. నాకు తెలీక చేసినాను. కుడితి మళ్ళా పోయిస్తాను, అందరికీ చెప్తాను" అన్నాను.

ఆమె నూనె రాయడం ఆపలేదు. "నీ మీద నాకేం కోపం ల్యా తల్లీ. తోటలు బాగుండాయి. అందరూ అంటాండారు."

"ఒక్క వారం ఆగమ్మా."

"మాటలు తాగి ఎనుము బతకతాదా? ఇంగో సంతదాకా పెట్టుకుంటే ఎముకల బేరానికి అడగతారు. ఈ పొద్దయితే ఇంగా ఎనుమని అడగతారు."

రెండో కొమ్ముకు నూనె అందుకుంది. నేనే ఇంకా ఏదేదో మాట్లాడి, ఏడ్చి, ఆమెకు ఇబ్బంది కలిగించి తిరిగి వచ్చాను. అక్క పెరట్లో గడ్డపార పట్టుకుని నిలబడి ఉంది.

"నోటితో అడిగితివా?"

"అడిగినాను. వినలేదు."

"ఎట్ల వింటాది? నోటితో చెప్తే అది బిచ్చమేస్తామన్నట్ల. కుండ వాకిట్లో ఉంటే వాడిక. పట్టు, కుండ తీస్తాం."

ఇద్దరం సొరపాదు చుట్టూ తవ్వాం. కుండ కనబడింది కానీ పైకి రాలేదు. సొరవేళ్ళు ఆ కుండ చుట్టూ జడ అల్లినట్టు అల్లుకుపోయాయి. చెమ్మ ఎక్కడుంటే వేరు అక్కడికే కదా వెళ్ళేది. వేళ్ళు తెగకుండా కుండ రాదు. తల ఎత్తితే పందిరికి పదకొండు సొరకాయలు. సాహెబుకు మొదట చూపిద్దామనుకున్న పాదు అదే.

అక్క కొడవలి నా చేతికిచ్చింది. "నువ్వు పెట్టిన పాదు, నువ్వే కొయ్యి."

కోశాను. కుండ బయటికి తీసి, బొక్కలో గుడ్డ బిగించి దోపి, జిగటమట్టి మెత్తి, వాకిట్లో దాని పాత గుంటలో నిలబెట్టాం. ఆ పొద్దుటి సంగటి కుండ కడిగిన నీళ్ళు, సాహెబుల కూర కోసం తరిగిన సొరతొక్కలు, పైన ఒక దోసెడు రాగిపిండి. కుండ కాస్త కారుతూనే ఉంది, కానీ నిలిచింది.

మిగతా ఇళ్ళకు పరిగెత్తాను. ఒకామె వెంటనే గడ్డపార తీసింది. ముగ్గురు మాత్రం, "జీపు పోనీలేమ్మా, మధ్యాన్నం తీస్తాం. నీ ఉద్యోగం జూసుకో ముందు" అన్నారు. నా మంచి కోరే అన్నారు. మధ్యాహ్నానికి ఎనుము సంతలో ఉంటుంది.

పెద్దమ్మ ఇంటికి వెళితే ఆమె కుండ అప్పటికే వాకిట్లో ఉంది. చుక్క కూడా కారడం లేదు.

"బొక్క అప్పుడే పూడ్చేసినారా పెద్దమ్మా?"

"దీనికి బొక్క పెడితే గదా పూడ్చేది. నువ్వు పాదు కింద పూడ్చింది పాత చారుకుండ. కుడితి కుండ గాదెల వెనక పెట్టుంటి. దినమూ తీసకపోయి ఆ యమ్మ గుడిసె పక్కన పెట్టి వస్తాండా."

నేను కుండను, పెద్దమ్మను మార్చి మార్చి చూశాను.

"అట్ల జూడొద్దు. ఒగింటి కుడితితో ఎనుము చావకుండా ఉంటాది గానీ, పాలియ్యదు" అంది పెద్దమ్మ.

నేను ఓడించాననుకున్న మూఢనమ్మకం అది.

పొద్దు బారెడెక్కింది. సందు చివర గంట చప్పుడైంది. ఊరు దాటి బండిదారి ఎక్కాలంటే ఆ సందులోంచే రావాలి. ఎనుమామె తల దించుకుని తాడు పట్టుకుని వస్తోంది, ఏ వాకిలి వైపూ చూడకుండా. మేం ఎవరి పెరట్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం, అక్కడ అదే మర్యాద. నేను తడక సందులోంచి చూస్తున్నాను.

పెద్దమ్మ వాకిట్లో ఎనుము ఆగింది. ఆమె తాడు లాగింది. అది లెక్కచెయ్యలేదు. మూతి మొత్తం కుండలో పెట్టేసింది. ఆ తాగే చప్పుడు, పిల్లలూ, నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కుండ అడుగు నాకేసి, తనంతట తానే నడిచి రెండో వాకిట్లో ఆగింది. అక్కడినుంచి మా వాకిలికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే సందు మొదట్లో జీపు ఆగింది.

సాహెబు మైసూరు వైపు మనిషి. పెద్ద వయసు, చేతిలో పెద్ద రుమాలు. వెనక ముగ్గురు గుమాస్తాలు, వాళ్ళ వెనక మా గ్రామసేవకుడు సైకిలు తోసుకుంటూ. అందరూ వచ్చి చూసేసరికి, తెగిన వేళ్ళతో వడలిపోయిన సొరపాదు, తవ్విపోసిన గుంత, మట్టిచేతులతో చెప్పుల్లేకుండా నేను, మా మధ్యలో ఎనుము.

"ఏనమ్మా ఇదు?" అన్నాడాయన, ఇదేమిటని.

కన్నడంలో మొత్తం చెప్పాను. ఎక్కడా ఆపలేదు. నేను కుండలు తీయించడం, గొడుగుతో అదిలించడం, కంచె వేయించడం, అన్నీ. గ్రామసేవకుడు ఆయన వెనక నిలబడి వద్దు వద్దని కళ్ళతోనే బతిమాలుతున్నాడు. అయినా చెప్పాను. ఎనుము తాగుతూనే ఉంది.

సాహెబు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "కుడితి గురించి మన పుస్తకంలో ఏముంది?"

"మురుగు అని ఉంది సార్."

"ఎమ్మె గురించి?" కన్నడంలో ఎనుమును ఎమ్మె అంటారు.

"ఏమీ లేదు సార్."

"రిపోర్టులో కూడా ఎమ్మెకు కాలమ్ లేదు కదమ్మా. నేనెక్కడ రాసేది?"

నేను జవాబు చెప్పేలోగా ఎనుము మా కుండ ఖాళీ చేసి నాలుగో వాకిలికి నడిచింది. అక్కడ కుండ లేదు. "జీపు పోనీ" అన్నవాళ్ళ ఇల్లు అది. ఎనుము ముళ్ళకంచె దగ్గర నిలబడి కంచె మీదుగా మెడ చాచింది. ఆమె తాడు లాగలేదు. ఊరికే నిలబడింది, నేల చూస్తూ. ఆ ఇంటి కోడలు తలుపు సందులోంచి ఎనుమును చూసింది, సాహెబును చూసింది. లోపలికి వెళ్ళింది. వెళ్ళి పెద్ద గంగాళంతో కడుగునీళ్ళు రెండు చేతులతో మోసుకొచ్చి, వాకిట్లో పెట్టి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయింది. ఆ తరవాత ఐదో ఇల్లు, ఆరో ఇల్లు. వాళ్ళూ ఏవో గిన్నెలూ చట్లూ తెచ్చి పెట్టారు. సాహెబు, గుమాస్తాలు, జీపు డ్రైవరు, అందరం ఒక ఎనుము వాకిలి వాకిలికీ తాగుతూ పోతుంటే గుడి ఉత్సవం చూసినట్టు నిలబడి చూశాం.

ఆరో వాకిట్లో అది తల ఎత్తింది. పొట్ట పక్కలకు ఉబ్బింది. ఎనుమామె పొద్దు వైపు చూసింది. తరవాత ఎనుముతోనే మాట్లాడింది, ఇంకెవరితోనూ కాదు.

"ఇంత తాగినాక నడుస్తావా నువ్వు? పొద్దు నెత్తికొచ్చె. మనం పొయ్యేసరికి బేరగాళ్ళు యాడుంటారు? పా, ఇంటికి పా."

తాడు వెనక్కి తిప్పింది. ఆ తరవాత సంతకు కూడా పోలేదు.

బహుమానం వేరే ఊరికి పోయింది. నా ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకో ఏడాది పట్టింది. అసలు పోవలసిందే. ప్రదర్శన తోటను సేవికే స్వయంగా నరికేసిందని రాస్తే ఆ రోజుతో సరి. సాహెబు అలా రాయలేదు. చాలా రోజుల తరవాత గ్రామసేవకుడు ఆ కాగితం కచేరిలో చూసి వచ్చి నవ్వలేక నవ్వుతూ చెప్పాడు.

"తోట నష్టం, కారణం అని ఒగ కాలమ్ ఉండాదమ్మా. దాంట్లో ఎమ్మె అని రాసినాడు. ఎమ్మెకు కాలమ్ దొరికె!"

తోటలు మళ్ళీ వేశాం, కేవలం స్నానాల నీళ్ళతో. చిన్న తోటలే అయ్యాయి. ఎనుముకు ఆ ఎండాకాలం మళ్ళీ పాలు పడలేదు. వానలొచ్చి, మరో ఈత ఈనాక గానీ తేరుకోలేదు. అంతదాకా ఆమె శెనక్కాయ చేలల్లో కూలికి పోయింది. నేను చేసిన దానికి ఆమె పడిన కష్టం అది, సాహెబు ఏ కాలమ్‌లో ఏం రాసినా ఆ కష్టం ఆమెదే.

ఆ తరవాత ఏ ఊరికి బదిలీ అయినా మొదటి వారం నేను పుస్తకం తెరిచేదాన్ని కాదు. మధ్యాహ్నాలు వెనక సందుల్లో ఊరికే నిలబడేదాన్ని. పారబోస్తున్నారని మనకు అనిపించే నీళ్ళు ఎవరి నోట్లోకి పోతున్నాయో చూసేదాన్ని. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు మీలో ఉన్నారు కాబట్టి ఈ ఒక్క మాట చెబుతున్నాను. పెద్దదానికి మాత్రం మార్కులు తగ్గించడం లేదు. నీ బకెట్ నీళ్ళ కోసం మూడో అంతస్తుకు ఎనుము రాదులే, నువ్వు పోసుకో తల్లీ.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. జీపు వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున పెరట్లో వడలిపోయిన సొరపాదు ముందు నిలబడి ఉన్నాను. ఎనుమామె వచ్చింది. సందులో నిలబడకుండా నేరుగా పెరట్లోకి వచ్చింది. తీగను పట్టి చూసింది.

"ఇది ఇంగ బతకదు గదమ్మా?"

"బతకదు."

"అట్లయితే కోసియ్యి. ఎనుము తింటాది."

ఆరిళ్ళలో ఎవరినీ ఏనాడూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. నేను గబగబా కొడవలి తెచ్చాను. పందిరి మీదినుంచి తీగంతా లాగి, కోసి, చుట్టగా చుట్టాం. పచ్చిది కదా, మోపు బరువైంది. ఆమె తలమీద చుట్టకుదురు పెట్టుకుని వంగింది, ఒక చెయ్యి మోపు కింద వేసి.

"పట్టమ్మా" అంది.

పట్టాను.